హ వత్తు

ఉండమ్మా నివేదితా, ఆ గడిలో అప్పుడే టిక్కు పెట్టకు.
స్కూటరు ఎక్కడికీ పారిపోదులే.
కింద చీమలబారులా ఏదో పాకుతోంది చూడు,
వేళ్ళతో సాగదీసి పెద్దది చెయ్యి దాన్ని.
నా కళ్ళద్దాలు టీవీ మీదున్నాయి, అందుకో.

ఒకప్పుడు ఆ చీమల్ని బారు తీర్చినవాణ్ణి నేనే.
మింటు వీధిలో, వడ్డీకొట్టు వెనక రేకుల షెడ్డు,
దొరస్వామినాయుడి ప్రెస్సు,
పందొమ్మిదేళ్ళు సీసం అక్షరాలు ఏరాను.
బహుమతి పేరుకి చెక్క అచ్చు, అరచేయంత.
నిబంధనలకి పెట్టెలో అన్నిటికన్నా సన్నది.
అక్షరాన్ని తిరగేసి చూడ్డం అలవాటయ్యాక
మాట కనపడ్డం మానేస్తుంది.
కంపోజిటరుకి వాక్యాలుండవు, గళ్ళుంటాయి.

ఆ ఏడు పనసచెట్టు మార్కు కాఫీపొడి వాళ్ళు
మొదటి బహుమతి వెట్ గ్రైండరు పెట్టారు.
తెలుగు కూపన్లు మాకిచ్చారు, అరవానివి పక్క వీధికి.
నిబంధనలు పదకొండు.
అర్హత, అర్హులు, అర్హమైనవి అంటూ
పై పదీ కలిసి ఉన్న హ వత్తులన్నీ తినేశాయి.
పదకొండోదాని చివరి మాటకి ఒకటి తక్కువ.
ఏడాదికోసారైనా అక్కర పడని వత్తు, ఎవరు కొంటారు ఎక్కువ?
మెషినుమేను యతిరాజులు సైకిలు మీద పోయి
గోవిందప్ప నాయకన్ వీధిలో ఒక్కటి అరువు తెచ్చాడు,
వక్కపొడి పొట్లంలో చుట్టి.
ప్రూఫులు దిద్దే శ్రీరంగాచారిగారు కామాలు సరిచేసి
జేబులో ఎర్రకలం పెట్టుకుని భోజనానికి వెళ్ళారు.

మా అక్క వేదవల్లి వన్నారపేటలో
దోసెపిండి రుబ్బి అమ్మేది, గిన్నె ముప్పావలా.
కుడి మణికట్టుకి ఎప్పుడూ చింతాకు కట్టు.
కూపన్ల కోసం నాలుగు ప్యాకెట్లు కొంది.
నెల్లాళ్ళు ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.
మా కాఫీ ఎందుకు తాగుతారో పది మాటల్లో చెప్పమంటే
ఆరింటితో ఆపేసింది:
"ఇంటిల్లిపాదీ లేచేలోపు ఈ లోటా ఒక్కటే నాది."

(ఏమిటి, టైము అయిపోతోందా? ఇంకా పన్నెండు నిమిషాలుందిగా.
కూర్చో.)

రిజిస్టరు ఉత్తరం వచ్చిన రోజే
పాత రుబ్బురోలు పక్కింటి ముత్తమ్మకి
పదిహేను రూపాయలకి బేరం పెట్టేసింది.

మౌంట్ రోడ్డులో మూడో అంతస్తు.
కిటికీ పక్కన గ్రైండరు, ప్లాస్టిక్ కవరు తీయకుండా.
కవరు కింద చెయ్యి దూర్చి రాయి ముట్టుకుంది అక్క.
చల్లగా ఉందిరా, అంది.
ఆఫీసరు మంచివాడే. కుర్చీలు వేయించాడు,
సంతకానికి తన పెన్నే ఇచ్చాడు.
నేనే,
ఇస్త్రీ చొక్కా తొడుక్కున్న నేనే,
"ఈ కూపన్లు వేసింది మా ప్రెస్సేనండి,
అక్షరాలు కూర్చింది ఈ చేతులేనండి" అన్నాను.

అతను పెన్ను వెనక్కి అడగలేదు.
సొరుగులోంచి ఒక కూపను తీసి, తిరగేసి,
ఆఖరి వరస కింద గోరు ఆనించాడు.
ముద్రాపకులు, వారి సిబ్బంది, వారి రక్తసంబంధీకులు
ఈ పోటీకి అనర్హులు.
నా కంటికి ముందు తగిలింది వత్తే.
అరువు వత్తు. పక్కవాటికన్నా వెంట్రుకవాసి లావు.

బస్సులో కిటికీ సీటు నాకిచ్చింది.
సెంట్రలు దాటేదాకా ఏమీ అనలేదు.
తర్వాత అడిగింది, కోపంగా ఏం కాదు,
పని గురించి అడిగినట్టు:
"ఒరే గురవా, ఆ కాగితంలో
అచ్చుతప్పులేమైనా పోయాయిరా?"
"లేదక్కా, ఒక్కటి కూడా."
"మంచిది" అంది.

రోలు ఇవ్వనని ముత్తమ్మతో
ఎలా చెప్పాలా అని చూస్తున్నట్టుంది.