ఒంటిగంటా ఇరవైనాలుగు

స్వనేతి కొండల్లో మార్చి నాలుగు.
మోకాలిబంటి మంచు.
వ్యాన్లో ఒక డిష్, రెండు చుట్ల కేబుల్,
చలికి బ్యాటరీ చచ్చిన మీటరు.

బిముర్జా తాత మొదట చూపించింది
ఇంటిని ఆనుకున్న రాతి బురుజుని.
"దీనికి మాత్రం మేకు కొట్టకు.
మా ముత్తాతలు దాక్కున్న రాయి.
మిగతా ఊరంతా నీదే."

మిగతా ఊరంతా అంటే
దక్షిణాన నెత్తిమీదికి వచ్చే కొండ,
కొండమీద ఫర్ చెట్లు,
వాటి కింద బురుజు నీడ,
ఆ నీడలో ఇల్లు.

సరే, ఎండని అడుగుదాం అన్నాను.

ఈ వారంలో, ఈ వేళకి,
సూర్యుడు ఉపగ్రహం ఉన్న చోటికే వస్తాడు.
అది కదలదు, కంటికి ఆనదు.
ఇతను కదులుతూ, కళ్ళు మూయిస్తూ,
నాలుగు నిమిషాలు దాని కుర్చీలో కూచుని లేచిపోతాడు.
అప్పుడు ఎండ ఎక్కడ పడుతుందో
అక్కణ్ణించి దారి తెరిచి ఉన్నట్టు.
ఇంతే నా విద్య.
మా మేనమామ జుంబేర్ నేర్పాడు.
ఆయనకి లెక్కలు రావు,
తేనెపెట్టెలు ఎక్కడ పెట్టాలో తెలుసు.

ఎతేరీ అవ్వ మాంసం కూరిన రొట్టె తెచ్చింది.
చేతులు కాలుతుంటే తింటూ చూశాం.
బురుజు నీడ ముసలి ఎద్దులా
తొందర లేకుండా పక్కకి జరిగింది.
ఇరవైకి వరండా ఇంకా చీకటే.
ఇరవైరెండుకి కొట్టం కప్పు మీద
కొమ్మల గీతలు, గీతల మధ్య వెలుగు తునకలు.
వాటితో పనికాదు.

ఇరవైనాలుగుకి పడింది
మంచమంత ఎండ,
ఒక్క మచ్చ లేకుండా,
గోడ అవతల.

అది ఒతియా వాళ్ళ ఆలుగడ్డల మడి.
పదకొండేళ్ళుగా రెండిళ్ళ మధ్యా మాటల్లేవు.
ఏదో పంది విషయం.
ఎవరు కాల్చారో ఎవరూ చెప్పలేదు,
నేనడగలేదు.

"జరుపు," అన్నాడు తాత.
దేన్ని? ఎండనా, గోడనా?

అప్పటికే నేను గోడ దూకి ఉన్నాను.
కర్ర గుచ్చుతుండగానే
వెలుగు పాదాల మీంచి జారి, ఆరిపోయింది.
తలెత్తితే ఎదురుగా ఒతియా, చేతిలో పార.
నన్ను చూడలేదు. కర్రని చూశాడు.
అరచెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశాడు.
"ఫుట్‌బాల్ వస్తుందా?"
అడిగింది నన్ను కాదు, గోడని.

గోడ ఇవతల చాలాసేపు
రొట్టె నములుతున్న చప్పుడు.
తర్వాత కొట్టం వైపు తిరిగి బిముర్జా:
"ఒకే డిష్‌కి రెండు తీగలు తగిలించొచ్చా?"

తగిలించొచ్చు. కాస్త ఖరీదెక్కువ.
ఆ ఎక్కువ ఎవరిచ్చారో చెప్పను.
ఇద్దరూ విడివిడిగా ఇచ్చారు,
రెండోవాడికి చెప్పొద్దని.

మళ్ళీ మార్చిలో ఫోన్.
"బొమ్మ ఇసకలా రాలిపోతోంది,
నీ డిష్ పాడైంది!"

టైమెంతో చూసుకున్నాను.
"పాడవలేదు తాతా,
సూర్యుడొచ్చి దాని వెనక నిలబడ్డాడు.
వాడి గోలలో దాని మాట వినబడటం లేదు.
నాలుగు నిమిషాలు ఓపిక పట్టు."

ఫోన్లో, తాత పక్కనుంచే,
నోటినిండా ఏదో పెట్టుకున్న ఇంకో గొంతు:
"చెప్పానా, ముసలాడా?"