నీలం డ్రమ్ము

చిట్యాల సంతల నా జాగ ఎరికే గదా,
సోడాబండి పక్కకు.
కంపెనీ వెనక గేటు కాడ గుత్తకు తెచ్చి
పదకొండేండ్లు అమ్మిన, నీలం డ్రమ్ములు.
రెండువందల లీటర్లది మూడువందల యాభై,
మూతుంటే నాలుగువందలు.

ముందుగాల సర్ఫు, తర్వాత బూడిద,
ఆఖరికి చింతపండు పులుసు పోసి కడిగేటోన్ని.
చేతుల తోలు లేచేది, ఉల్లిపొర లెక్క.
వాసన మాత్రం పోకపోయేది.
మాగిన సీతాఫలం, నడుమ కాలిన రబ్బరు.
"రెండు దినాలు ఎండకు పెట్టుండ్రి, పోతది" అని చెప్పేటోన్ని.
నిజమే, పోయేది.
వాసనొక్కటే పోయేది.

చీటీ మీద పుర్రెబొమ్మ.
రాయితోని గీకితే సగం పోయి పండ్లు మిగిలేవి.
చాంద్‌బీ మనుమరాలు అడిగింది, "ఇదేంది చాచా?"
"దిష్టిబొమ్మ బిడ్డా" అన్న,
"నీళ్లకు నరదిష్టి తగలకుండ."
సంతంత నవ్వింది. నేను గూడ.

బోర్లెండి, ట్యాంకరు నాలుగొద్దులకోపారి వచ్చిన ఎండకాలం
మా అక్క బాలమణికి ఒకటి పుణ్యానికే ఇచ్చిన.
గట్టిది ఏరి, మూతున్నది ఏరి,
మోపెడ్ మీద తాళ్లతోని కట్టుకపోయి
వాకిట్ల దించిన.
ఆనాడు కోడికూర వండింది,
ఆ నీళ్లతోనే.

తొమ్మిదో ఏడు అక్క సంకల గడ్డ.
రెడ్ హిల్స్ దవాఖాన్ల చిన్న డాక్టరమ్మ
కాగితం చూసుకుంట అడిగింది.
బీడీ తాగుతవా? లేదు.
గుట్కా, తంబాకు? లేదు.
మీ ఇంట్ల ఎవరికన్న ఉండెనా? లేదమ్మా.
నీళ్లు దేంట్ల పోసుకుంటవని
ఆ కాగితంల లేదు.
ఫైలు నా చేతులనే ఉన్నది.
నేను గోడకున్న క్యాలెండర్ చూసుకుంట నిలవడ్డ.

డ్రమ్ముతోనే వచ్చిందని ఎవలు చెప్పగలరు?
కంపెనీ వెనక గుంతల ఏదో పోసి మట్టి కప్పిండ్రు,
దాని పక్క బోరుల నీళ్లు చాయ్ రంగు.
ఒక ఆఫీసరు సీసల పట్టుకపోయిండు.
సీస రాలె, ఆయనా రాలె.

ఇప్పుడు ఊరూరు తిరుగుతున్న,
అమ్మినయి మళ్ల కొననీకి.
నిన్న ఉరుమడ్ల తొవ్వల ఒకామె
బర్రెను తట్టినట్టు డ్రమ్మును తట్టింది.
"పదేండ్లాయె, చిన్న చిల్లు పడలె" అన్నది.
ఆరువందలకు తక్కువైతే ఇయ్యనన్నది.

గీకిన కాడ పండ్లు ఇంకా కనవడుతున్నయి.
జేబుల చూసుకున్న.
అక్క మందులకు పోను
నాలుగువందలున్నయి.