ఉతికేసిన వాసన

అబద్ధం ఆడలేదు గానీ
నిజం చెప్పనూ లేదు, మేడమ్‌కి.

ఆ నీలం మెడగుడ్డ
మార్గశిరంలో వచ్చింది, పోస్టులో,
నా నోరు తిరగని ఊరినుంచి.
దానికి ఒక కాయితం పిన్ను చేసుంది:
'దయచేసి ఉతక్కండి.
పాప తల కింద వెయ్యండి.
నేనొచ్చేసరికి నా వాసన తనకి తెలిసుండాలి.'
మేడమ్ ఒడియాలో చదివి వినిపించిందట.
విన్నది పగటి ఆయా మినతి.
నాది రాత్రి డ్యూటీ.

మూడో రాత్రి నలుసు పాలు కక్కింది.
ఉతికేశాను.
సబ్బు రుద్ది, బావిగట్టు మీద నాలుగు బాదులు బాది,
పిండి, జాడించి మరీ ఆరేశాను.
తెల్లారి మినతి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.
అప్పటికే ఆ తల్లి
తీగ మీంచి చుక్కచుక్కగా కారిపోతోంది.

నలుసు అన్నది నా పిలుపు.
ఆఫీసు రిజిస్టర్లో బర్షా.
ఆసుపత్రి చీటీలో 'ఆడ, సుమారు పదకొండు రోజులు.'
ఆషాఢం ముసురులో, బరంపురం వచ్చే పాసింజరులో,
సీటు కింద, జీడిపిక్కల గోనెసంచిలో.
ఇచ్ఛాపురంలో పెట్టారో
సుర్లా రోడ్డు దాటాక పెట్టారో!
ఆంధ్రా పిల్లా, ఒడిశా పిల్లా అని
నెల్లాళ్లు రెండు స్టేషన్ల మధ్య కాయితాలు తిరిగాయి.
ఏ కడుపున పడ్డ నలుసో
వచ్చి నా భుజం మీద పడింది.
పగలు మినతి భాషలో నవ్వేది,
రాత్రి నా భాషలో ఏడ్చేది.

వాసన పోయిన గుడ్డని ఏటి చెయ్యను?
చలికి నేనూ చుట్టుకున్నాను మెడకి.
అదీ అందులోనే ముక్కు దూర్చి పడుకునేది.
నా పసుపు, నా చెమట,
దొడ్డివైపు పోయి కాల్చే అడ్డచుట్ట,
విరిగిన పాలు, కొబ్బరినూనె,
వెనకింటోళ్లు కాల్చే ఎండు మెత్తళ్లు:
వైశాఖానికి అన్నీ ఎక్కేశాయి దానికి.

నిన్న పదకొండింటికి వచ్చారు.
ఆయన వంగి కూడా గడపకి తల కొట్టుకున్నాడు.
ఆవిడ ఆల్బమ్‌లో పొడుగుజుట్టు మనిషి,
వచ్చినావిడకి జుట్టు చెవుల దాకానే.
రోజూ ఫొటో చూపించి 'బొవు, బొవు' అని
మినతి నేర్పిందంతా గంగలో కలిసింది.
నలుసు ఒక్క చూపు చూసి
మేడ లేచిపోయేలా ఏడుపందుకుంది.

డ్యూటీ దిగి కూడా ఇంటికి పోలేదు నేను,
దొంగలా తలుపు వెనక నిలబడ్డాను.

ఆవిడ పిల్లని లాక్కోలేదు.
చాప మీద కూలబడింది.
ఉయ్యాల అంచున తన గుడ్డ కనబడితే
తీసి ముక్కుకి ఆనించుకుంది.
తనని తాను వెతుక్కుంది కాబోలు.
చాలాసేపు అలాగే ఉంచుకుంది.
తలెత్తి, గదిలో ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చి
ఆ కళ్లు
తలుపు సందులో నా దగ్గర ఆగాయి.

ఏమీ అనలేదు.
గుడ్డ తన మెడకి చుట్టుకుంది.

ఏడుస్తున్న గుంట కాస్త ఆగి,
చీమిడి ముక్కు ఎగబీల్చి,
మోకాళ్ల మీద దేకుతూ పోయి
ఆ తెల్లటి మెడలో మొహం పెట్టేసింది.
నా మెడ అనుకుంది.
అనుకోనీ.

తరవాత చెవితమ్మె నిమిరితే నిద్రపోతుందని
చేత్తోనే చూపించాను.
'నలుజు' అంది ఆవిడ. 'నాలుసు.'
పాస్‌పోర్టులో వేరే పేరుందట, అది నాకు పలకలేదు.
లెక్క సరిపోయింది.

ఈ రాత్రి కొత్త గుంట వచ్చింది,
మగాడు, గుప్పెడున్నాడు, ఊరికే తుమ్ముతున్నాడు.
పని ఉంది.
మెడే కాస్త వట్టిగా ఉంది.

అక్కడ మంచి సబ్బులుంటాయంటారు.
'ఉతక్కమ్మా' అని ఒక్క ముక్క రాద్దామంటే
ఏ భాషలోనూ
నాకు రాయడం రాదు.