మినిట్స్ బుక్కులో గడి లేనిది

కమ్యూనిటీ హాల్లో అరవై కుర్చీలు,
నిలబడ్డవాళ్లు అంతకంటే ఎక్కువ.
ఎజెండా ఒక్కటే: కాలనీలో ఇక కొత్త బోరు వద్దు.

"పద్నాలుగొందల ఫీట్లు ఏపిస్తే దుమ్మే లేశింది"
అన్నాడు నాలుగో గల్లీ బుచ్చిరాములు.
నెల్లాళ్లు మా కరివేపాకు మీద నుంచి దిగని
ఆ రాతిపిండి నాకు గుర్తొచ్చింది.

"మీ బోర్లల్ల నీళ్లున్నయ్, గందుకే బంద్ అంటున్నరు.
నా ఇల్లు ఇప్పుడే లేస్తున్నది. నేనేం తాగాలె?"
ఫర్హానా గొంతు పెంచలేదు.
అందుకే అందరికీ వినబడింది.

ట్యాంకర్ల మొగులయ్య నోరు విప్పలేదు,
తాళంచెవి వేలికి తిప్పుకుంటూ
ఇద్దరి మాటకూ తలూపాడు.

వద్దనేవాళ్లు చేతులెత్తమన్నారు. లెక్క నాది.
ఇరవై ఏడు దాకా వచ్చాను,
గుమ్మంలో ఒక కుర్రాడు.
మలుపులో ఆగిన తిరుచెంగోడు బండి వాడు,
కనుబొమ్మల దాకా బూడిద.
ఖాళీ సీసా చూపించి "తణ్ణి" అన్నాడు.

ఎత్తిన చేతుల్లో రెండు దిగి
బబుల్ క్యాన్ వంచాయి.
అవి ఎత్తినట్టా, దించినట్టా?
పుస్తకంలో గడి లేదు.

సీసా నిండేసరికి లెక్క తప్పింది.
మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.
బయట కంప్రెసర్ ఇంకా ఆపలేదు.