తొమ్మిదో నంబరు

పదకొండు నుంచి నాలుగు దాకా
ఎండలో పని చేయించకూడదని ఇక్కడ చట్టం.
మహబూలాలో, ఆరు మంచాల గదిలో,
ఆ ఐదు గంటలూ తెరలు దించుకుని
మూడు చదరంగం ప్రోగ్రాములకు
నేను పరీక్ష పెడుతుంటాను.

ప్రశ్నపత్రం ఓబులేసుది.
రాయచోటి మనిషి, నీళ్ళ ట్యాంకరు డ్రైవరు,
పోయిన చలికాలం జహ్రా క్యాంపుకు మార్చేశారు.
డీజిల్ రసీదుల వెనకవైపు
స్కేలు లేకుండా గీసిన ఇరవై నాలుగు పలకలు,
నల్లగడులకు పెన్సిలు, రాజులకు మాత్రం ఎర్ర ఇంకు.
ఒక్కోదాని కింద రెండే మాటలు:
"తెల్ల గెలవాల."
లేదంటే, "తెల్ల బతకాల."

నియమం నాది. ఒక్కో చిక్కుకు ఒక్క నిమిషం.
శుక్రవారం సంతలో కొన్న ల్యాప్‌టాప్
ఆ నిమిషమంతా ఉబ్బసం రోగిలా ఎగపోస్తుంది.

మొదటి ప్రోగ్రాముకు ఆకలెక్కువ,
ఎదుటపడ్డ ఏనుగునల్లా మింగి
పది ఎత్తుల తర్వాత నీళ్ళు నములుతుంది.
రెండోది వడ్డీవ్యాపారి, బంటు కూడా వదలదు.
మూడోది చాలాసేపు ఉలకదు పలకదు.
అది నోరు విప్పితే మాత్రం
నేను టీ గ్లాసు కింద పెట్టేస్తాను.

పదిహేడో నంబరులో మూడూ బోల్తా కొట్టాయి.
తెల్లకు మంత్రి ఉంది, గెలుపు ఖాయమన్నాయి.
నల్లకేమో బంట్ల గోడ, దాని వెనక రాజు,
రెండే గడుల మధ్య అటూ ఇటూ తిరిగే ఏనుగు.
మంత్రి చుట్టూ తిరుగుతుంది, తిరుగుతూనే ఉంటుంది.
గేటు కాపలా తిలక్ బహదూర్,
గుర్రం ఎలా దూకుతుందో కూడా తెలియనివాడు,
నా భుజం మీదుగా తొంగిచూసి
"లోపలికి గేటేది?" అన్నాడు.
మూడు సున్నాలు వేశాను.

ఇక తొమ్మిది.
ఓబులేసుకు ప్రాణం అది.
శకటును చంపించుకుని
బంటును చివరి గడికి తోసి
మంత్రి కావలసినదాన్ని గుర్రాన్ని చేయాలి.
ఒక్కటే దారి, వేరే దారి లేదని
కింద రెండు గీతలు గీసి పెట్టాడు.

మూడోది పంతొమ్మిది సెకన్లలో
రాజును ఒక్క గడి పక్కకు జరిపి ఊరుకుంది.
తప్పని రాయబోయాను.
నల్లవైపు నేనే కూర్చున్నాను,
ఒకసారి, రెండుసార్లు, మధ్యాహ్నమంతా.
ప్రతిసారీ ఓడిపోయాను.

పరీక్ష పెట్టింది దానికి.
తప్పింది మా ఓబులేసు.

ఫోన్ చేసి చెప్పడానికి మూడు రోజులు పట్టింది.
అవతల ట్యాంకరు ఇంజను చప్పుడు,
తర్వాత అది కూడా ఆగింది.
"పదకొండేండ్లాయ నేను దాన్ని కట్టి" అన్నాడు.
"రాజును జరిపితే సాలా? అంతేనా?"
"అంతే."
కాసేపటికి, గొంతు సర్దుకుని,
"కుడి అంచున ఒక నల్లబంటు పెట్టు.
రాజు యాడికి జరుగుతాడో సూద్దాం."

పెట్టాను. రాజుకు దారి మూసుకుపోయింది.
నిమిషం అయిపోయింది, జవాబు రాలేదు.
నాలుగైంది, కింద బస్సు హారను.
ఆపబుద్ధి కాలేదు,
మంచం మీద అలాగే వదిలేసి దిగిపోయాను.

రాత్రి పదింటికి తలుపు తీస్తే
గది పెనంలా ఉంది.
పోతూపోతూ ఎవడో ఏసీ ఆపేశాడు.
ల్యాప్‌టాప్ అడుగున చెయ్యి పెట్టలేకపోయాను.
తెర మీద జవాబు:
శకటు పోయింది, బంటు నడిచింది,
గుర్రం అయింది.
మూడు గంటల రెండు నిమిషాలు.

"కనుక్కుంది" అన్నాను ఫోనులో.
ఓబులేసు పగలబడి నవ్వాడు.
"మార్కెంత?"
"సున్నా. నిమిషం దాటింది కదా."

నవ్వు ఆగిపోయింది.
"ఏసీ లేకుండానా అంతసేపు?"
"లేకుండానే."
"సున్నా ఎయ్యాకు సామీ" అన్నాడు.
"దానికి చట్టం లేదు గదా, పాపం."

పెన్ను పట్టుకుని కూర్చున్నాను.
తొమ్మిదో గడి
ఇంకా ఖాళీగానే ఉంది.