బతికే ఉన్నట్టు

ప్రతి జనవరిలో ముసలి ఒరోసియా వస్తుంది
బూట్ల మంచు గుమ్మంలోనే దులిపి.
"చూడు నాయనా, ఇంకా ఉన్నాను."
ముద్ర కొడతాను. ఆమె పింఛను కదులుతుంది.

ఈసారి ఆమె వెనకే అటవీ గార్డు బిథెన్,
చంకలో గడ్డి వాసన వేసే కొండమేక పిల్ల.
నా చిన్నప్పుడు ఈ పిరనీస్‌లో
చెట్టు మీద కూలి చచ్చిందే, ఆ జాతిలో ఆఖరిది,
దాని చెవితోలు ముక్కలోంచి పుట్టిందట.

రక్షిత జంతువుల జాబితా తీశాను.
పేరుంది. పేరు మీద ఎర్రగీత.
కొట్టెయ్యడానికి ఒక ఫారం ఉంది,
గీత చెరపడానికి లేదు.

సరగోసాకి ఫోన్ చేశాను.
"మోసిన తల్లెవరు?"
"పెంపుడు మేక."
"అయితే పశువే. చెవికి పసుపు బిళ్ల వెయ్యండి."
"ఎవరైనా కాలిస్తే?"
"లేనిదాన్ని చంపడం నేరమెలా అవుతుందండీ?"
కాసేపాగి, కాస్త మెత్తబడి,
"ల్యాబు వాళ్లకి పేటెంటుంది.
ఆస్తి నష్టం కింద కేసు పెట్టుకోవచ్చు."

పిల్ల రిజిస్టరు మూల కొరికింది,
ఎర్రగీత ఉన్న పేజీ కాదు, పక్కది.

ఒరోసియా ఇంకా వెళ్లలేదు.
వేటకొచ్చే దొరలకు దారి చూపినవాడు వాళ్ల నాన్న.
ఆ కొమ్ముల జత వాళ్ల పొయ్యి మీద ఇప్పటికీ ఉంది,
తడి తువ్వాళ్లు ఆరేస్తుంది వాటికి.
తన కాగితం మడత విప్పి నా ముందు పెట్టింది.
"నన్నేం అడిగావు నువ్వు?
ఎదురుగా నిలబడ్డానా లేదా, అంతేగా."

కొత్త కాగితం తీసి ముద్ర కొట్టాను.
పేరు దగ్గర ఏం రాయాలో తెలీక
తేదీ మాత్రం వేశాను.

పసుపు బిళ్ల సొరుగులో ఉంది.
సోమవారం అడుగుతారు.