ముప్పై ఒకటో వరుస

లాగ్ బుక్కులో ఒక్కటే వాక్యం:
"ముప్పై ఒకటో వరుస దగ్గర ఏదో కాలుతున్న వాసన."
కింద కెప్టెన్ సంతకం, కోడి గీకినట్టు.

రాత్రి ఒంటిగంట. అడిస్ అబాబా.
హేంగర్ తలుపులు తెరిస్తే
ఎంటోటో కొండ మీది చలి మా కన్నా ముందే లోపలికొచ్చి
విమానం కింద పడుకుంది.
గిజాచెవ్ చేతులు రుద్దుకుంటూ అన్నాడు:
"వాసనకి పార్ట్ నంబర్ ఉండదు తెవాబెచ్,
ఇవాళ ఇంటికి పోయినట్టే."

మొదట ఇంజిన్లు.
ఆకాశంలో మనం పీల్చేది అక్కడే బయల్దేరుతుంది,
నిప్పుకి ఒక్క అడుగు ముందు దారి మళ్ళించిన గాలి.
నూనె చుక్క కారిందేమోనని టార్చి వేసి చూశాం.
గుడ్డతో తుడిచాం. గుడ్డ తెల్లగానే వచ్చింది.

తర్వాత నేల కింద, సామాన్ల అర వెనక,
మోకాళ్ళ మీద పాకి, క్లాంపులు వదులు చేసి
ఫిల్టర్ని బయటికి లాగాను,
పుట్టనని మొరాయించే దూడని లాగినట్టు.
మాస్కు వెనక నా ఊపిరి నాకే వేడిగా తగిలింది.
మడత మీద మడత, మడత మీద మడత,
విప్పి పరిస్తే గది నేలంతా నిండే గాజునూలు కాగితం.
కొత్తలో మీగడ రంగు.
ఇప్పుడు వానకి ముందరి మబ్బు.

ఇందులో ఎవరెవరున్నారో.
గువాంగ్‌జౌ నుంచి తుమ్ముకుంటూ వచ్చిన బట్టల వ్యాపారి,
జెడ్డాలో ఇళ్ళు తుడిచి తిరిగొస్తున్న ఆడవాళ్ళ దుప్పట్ల నూగు,
ఒకడి చుండ్రు, ఒకామె పౌడరు,
నిద్రలో నోరు తెరిచిన పసివాడి దగ్గు.
అందరూ ఒకే పక్క మీద. ఎవరికీ ఎవరూ తెలీదు.
పదివేల రేణువుల్లో మూడో నాలుగో తప్పించుకుంటాయి.
మిగతావాటికి ఇదే చివరి స్టేషను.

కానీ వాసన?
దానిది మరీ సన్నటి ఒళ్ళు.
ఏ మడతకీ చిక్కదు.
"బొగ్గు పొర ఉంటే ఆగేదేమో, ఈ విమానానికి లేదు.
పొగని బొగ్గే ఆపాలి చూశావా," అన్నాడు గిజాచెవ్.
అర్ధరాత్రి దాటితే వాడికి వేదాంతం వస్తుంది.

మూడున్నరకి, ఇక చేసేది లేక,
ముప్పై ఒకటో వరుసలో ప్రయాణికురాలిలా కూర్చున్నాను.
ఫ్యాన్ వేయమన్నాను.
తల మీంచి దిగిన గాలి
కాళ్ళ దగ్గరి జాలీల్లోకి పోతోంది.
వచ్చింది.
కొంచెం. పై అరలోంచి.

చెయ్యి పెట్టి తడిమితే
చివరంటా తోసుకుపోయిన ఒక గాబీ,
నాలుగు పొరల చేనేత నూలు దుప్పటి.
ఏ ముసలామో మరిచిపోయింది.
మాస్కు దించి ముక్కుకి ఆనించుకున్నాను.
యూకలిప్టస్ పొగ. పచ్చి ఆకుల పొగ.
ఎన్ని ఉతుకులకీ లొంగనిది.

మా అమ్మ ఎంటోటో నుంచి కట్టెల మోపు దించేది.
మోపు తనకన్నా పొడుగు. నడుం రెండుగా వంగితే
దూరానికి చెట్టే నడిచొస్తున్నట్టుండేది.
సగం అమ్మేది, సగం కాల్చేది.
ఇంజెరా పెనం ముందు కూర్చుని
షాలు అంచు ముక్కుకి అడ్డం పెట్టుకునేది.
అదే ఆవిడ ఫిల్టరు.
దాన్ని ఎన్ని గంటలకి మార్చాలో
ఏ మాన్యువల్లోనూ లేదు.

పైన క్యాబిన్లో గాలిని
ఎనిమిది వేల అడుగుల కొండ మీది గాలంత పల్చన కానిస్తారు.
మా ఊరూ రమారమి అంతే ఎత్తు.
అంటే ప్రపంచమంతా టికెట్ కొనుక్కుని పీల్చేది
మా ఊరి గాలినే,
పొగ తీసేసి.

"ఏం దొరికింది?" కిందనుంచి గిజాచెవ్.
"దుప్పటి."
"దుప్పటా! దీనికా ఇంత రాత్రి!"

కొత్త ఫిల్టర్ బిగించాను.
పాతదాన్ని దులపకూడదు, కడగకూడదు, ఊదకూడదు.
సంచిలో దించి మూతి కట్టాను.
లాగ్ బుక్కులో రాశాను: "పరీక్షించాం. లోపమేమీ లేదు."

గాబీ పోయిన వస్తువుల గదికి చేరాలి.
చీటీ మీద రంగు, కొలత, సీటు నంబరు.
ప్లాస్టిక్ సంచిలో వేసి గాలి చొరకుండా సీలు చేయవలెనని రూలు.

మూతి కాస్త తెరిచే ఉంచాను.